దింపుడు కళ్లం

1982లో నంద్యాల కాలేజీ విద్యార్థులు నవ్వించే దయ్యం సినిమా ఒకటి మొదలుపెట్టారు. తొలి సీను ఆళ్లగడ్డ దగ్గర, డైరెక్టర్ చెన్నకేశవులు సొంత ఊళ్లో తీశారు.

శ్మశానం దారిలో పాడె దించుతారు. ఇంకా ప్రాణం ఉందేమోనన్న ఆశతో తల్లి వంగి కొడుకు శవం చెవిలో మూడుసార్లు పిలుస్తుంది. మూడో పిలుపుకు శవం లేచి బీడీ అడుగుతుంది. అందరూ పరుగు తీయాలి.

తల్లి వేషానికి చెన్నకేశవులు తమ ఇంటి పనిమనిషి ఎర్రమ్మను తెచ్చాడు.

కెమెరా తిరిగింది. ఎర్రమ్మ వంగి "కొడకా" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి "మారెన్నా" అంది. శవం లేచింది. పాడె మోసినవాళ్లు పరుగెత్తారు. ఎర్రమ్మ మాత్రం శవం వేషం కుర్రాణ్ణి గట్టిగా వాటేసుకుంది.

"ఏందీ ఎర్రమ్మా, రీలంతా దండగ చేస్తివి! దయ్యం లేస్తే ఉరకవా?" అని చెన్నకేశవులు అరిచాడు. కుర్రాళ్లు పడిపడి నవ్వారు.

"కొడుకు లేస్తే యాడికి ఉరకాలప్పా? మా మారెన్న మీ నాయన కోసరం కొట్లాటకు పోయి బాంబు దెబ్బ తినె. పోలీసోళ్లు వస్తారని మీ నాయన వాణ్ణి జీపులో ఏసుకపోయి పూడ్పిచ్చె. యాడా దించనీలేదు, నన్ను పిలవనీలేదు."

చెన్నకేశవులు కెమెరా సర్దుకుని, కుర్రాణ్ణి మళ్లీ పడుకోమన్నాడు.

"ఈ తూరి పేరు పెట్టి పిలవాకు. అంతే."

ఎర్రమ్మ పాడె పక్కన కూర్చుని కుర్రాడి చెయ్యి పట్టుకుంది.

"జీపు ఎక్కిచ్చేటప్పుడు వాని చెయ్యి గూడా ఇట్లే వెచ్చగా ఉండెనప్పా."