చుక్కల కోడి మీద పడ్డ నింద

చెల్లీ, నువ్వు చెప్పిన కథే రాస్తున్నాను; ముందువెనకలు తారుమారు చేస్తానేమో గానీ, జరిగింది మాత్రం ఇదే. ఒక పెరట్లో నాటుకోళ్ల మధ్య ఒకే ఒక్క గిన్నెకోడి ఉండేది. ఒకనాటి ఉదయం పొదిగే గంపలో ఒక గుడ్డుకి పెంకులే మిగిలాయి.

"ఇంకెవరు? ఆ ఒళ్లంతా చుక్కలదే! పొడవండి!" అంది పుంజు.

కోళ్లన్నీ మీద పడ్డాయి. గిన్నెకోడి మెడ మీద నెత్తురు కనబడింది. నెత్తురు కంటబడితే కోళ్లు ప్రాణం పోయేదాకా ఆగవు. ముసలి పెట్ట బూదమ్మకి ఆ సంగతి తెలుసు. గుడ్డు తిన్నదెవరో కూడా తెలుసు. గుంపులోకి దూరి, గిన్నెకోడిని రెక్క కింద దాచుకుంది.

"ఆగండర్రా! నా కాలు తగిలి పగిలింది. ఎలాగూ పగిలింది కదా అని తినేశాను. నేనే."

ముక్కులన్నీ ఆగిపోయాయి.

"పోనీలే బూదత్తా, ఆకలేసి ఉంటుంది," అంది పుంజు.

"మరి ఇందాక దీనికి ఆకలేసి ఉంటుందని ఒక్కరైనా అన్నారట్రా?"

పుంజు తల దించుకుంది. బూదమ్మ గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. రెక్క కింద వణుకు మెల్లగా తగ్గింది. ఒక పడుచు పెట్ట దగ్గరికొచ్చి, "ఇన్నాళ్లూ అడగనేలేదు, నీ పేరేంటమ్మా?" అంది.

"ముత్యాలు."

చెల్లీ, ఆ పేరు సరిగ్గానే రాశానా? ఒక్కసారి చూసి చెప్పు.