మోకాలెత్తు అల

సముద్రంలో నేను నిలబడి తెడ్డేస్తున్న అలల బోర్డు మోకాలెత్తు అలకే రెండు ముక్కలైంది. ఈ నెలలో ఇది మూడోది. మకాహా సముద్రపొడ్డున ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు.

"బకెట్టులో నీళ్లు పోసిస్తాం, అందులో తెడ్డేసుకో పో!"

విరిగినచోట చూశాను. బోర్డు నడిమధ్య వెన్నులా ఉండే కర్రని ఎవరో ముందే ముప్పాతిక వరకూ రంపంతో నున్నగా కోసేశారు.

మూడు బోర్డులూ చేసింది మా పలానీ మామే.

బోర్డులు చేసే షెడ్డులోకి వెళ్తూనే తెడ్డుతో మామ మొహం మీద కొట్టాను. కిందపడితే డొక్కలో తన్నాను.

"ఎల్లుండి పెద్ద అలలొస్తున్నాయి. ఏడాదిగా వాటికోసమే కాచుక్కూచున్నా. అక్కడ ఇది విరిగితే నేనేం కావాలి? చంపుదామనుకున్నావా మామా?"

మామ నెత్తురు ఉమ్మి, "ఎంత లోతులో విరిగిందిరా?" అన్నాడు.

"నడుం లోతులో!"

"మూడూ అంతేనా?"

"అంతే!"

"హమ్మయ్య," అన్నాడు.

నాకు పిచ్చెక్కింది. షెడ్డులో ఉన్న బోర్డులన్నీ బద్దలు కొట్టాను. ఇక గోడకున్న పాత ఎర్ర బోర్డు ఒక్కటే మిగిలింది. అదెవరిదని ఎన్నిసార్లు అడిగినా మామ చెప్పేవాడు కాదు. దానిమీదికి తెడ్డెత్తాను.

"కొట్టరా నహెలే, దాన్నీ కొట్టు. ఇరవై ఏళ్లుగా నాకే చేతులు రావట్లేదు," అన్నాడు మామ. "మీ నాన్న కోసం చేసిన బోర్డది. ఎంత పెద్ద అలకీ విరక్కూడదని చేశాను. విరగలేదు. గీత కూడా పడకుండా, అదొక్కటే ఒడ్డుకొచ్చింది."