రికార్డుకెక్కని పతకాలు

"నీ రికార్డులో ఒక్క పతకం కూడా లేదు. నువ్వేమో రెండు రావాలంటున్నావు," అన్నాడు మేజర్ సాబ్, కాగితాల మీది నుంచి తల ఎత్తకుండానే.

"ఉండాలె సాబ్. బర్మాల కొట్లాడినందుకొకటి. గుండ్లు పడుతుంటె మా సుబేదారును ఈపు మీదేస్కొని తెచ్చినందుకొకటి," అన్నాడు జంగయ్య.

వనపర్తి ముసాఫర్ బంగ్లా వరండాలో ఆ పొద్దు మాజీ సిపాయిల అర్జీలు వింటున్నారు. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చిన జంగయ్య, ఊరి పటేలు అనంతయ్యను సాక్ష్యానికి బతిమాలి వెంట తెచ్చుకున్నాడు. వంటవాడు బయటికి విసిరిన మాంసం బొక్కల కోసం మెట్ల దగ్గర కాకులు ఒకటే గోల.

"ఉండేవి. రికార్డులోంచి కొట్టేశారు." మేజర్ ఒక వరుస మీద వేలు పెట్టాడు. "సెలవు లేకుండా ఇంటికి పోయావు కదా. భగోడా అని రాసి ఉంది."

పారిపోయినవాడు! ఆ మాట జంగయ్యకు కొత్త కాదు. ఊళ్ళో అతని పేరే అది. అదే ఊరి తోటి సిపాయి యాకూబ్ బాంబు పడి చస్తే, ఆ శవాన్ని అక్కడే వదిలి పారిపోయి వచ్చాడని ఊరంతా అనుకుంది. అప్పటి నుంచి బీడీకి నిప్పు ఇచ్చేవాడు లేడు, పెళ్ళికి పిలిచేవాడు లేడు. పోయిన వానాకాలం పెళ్ళాం అలివేలు కూడా పోయింది. పిల్లాజెల్లా లేరు. ఇంట్లో మనిషి గొంతు వినబడక, పాపం, పొయ్యితో మాట్లాడుకునేవాడు. ఆ రెండు బిళ్ళలు రొమ్మున పెట్టుకుంటే ఎవరో ఒకరు "ఏం జంగన్నా" అని పలకరిస్తారని ఆశ. ఆ పిలుపు కోసమే వచ్చాడు.

"ఎందుకు పోయావు?"

"నా పెండ్లాం సచ్చిపోయిందని కబురొచ్చింది సాబ్. యాకూబే సెలవు మీద ఊరికి పోయొచ్చి చెప్పిండు."

మేజర్ ముఖం మెత్తబడింది. "అట్లా చెప్పు మరి! ఇంట్లో చావు కబురు విని పోయినవాళ్ళ తప్పు మాఫీ చేయమని కొత్త హుకుం వచ్చింది. నీ పతకాలు మళ్ళీ ఎక్కిస్తాను." పటేలు వైపు తిరిగాడు. "ఈయన భార్య చనిపోయిన మాట నిజమేనా?"

"నిజం హుజూర్. బంగారమసుంటి పిల్ల," అన్నాడు అనంతయ్య.

అబద్ధమేం కాదు. ఎప్పుడు పోయిందో మేజర్ అడగలేదు, పటేలు చెప్పలేదు. గడుసువాడు!

కలం సిరాలో మునిగింది.

"ఇంకొక్క మాట," అన్నాడు మేజర్ రాయబోతూ. "నువ్వు ఇల్లు చేరేసరికి మట్టి చేసేశారా?"

పటేలు వెనక నుంచి మోచేత్తో పొడిచాడు. చేశారను చాలు, అని దాని అర్థం.

"లేదు సాబ్. రొట్టెలు చేస్తుండె."

"ఎవరు?"

"నా అలివేలు."

కలం ఆగిపోయింది.

"దాని నెత్తిన కాకి తన్నింది సాబ్," అన్నాడు జంగయ్య. "కాకి తంతే గండం. గట్లయితే మా దిక్కు, ఆ మనిషి సచ్చిపోయిందని కావలసినోళ్లకు ఉత్త కబురు పంపుతరు. ఆళ్లు ఇని ఏడిస్తే గండం పోతది. ఏడ్సినంక అబద్దమని చెప్తరు. దానికి నేను తప్ప ఎవలున్నరు? యాకూబుతోని పంపింది. నేను ఏడుస్తుంటే వాడు నవ్వుకుంట దగ్గరికొస్తుండు. ఎందుకు నవ్వుతుండో నాకు తెల్వలే. గప్పుడే బాంబు పడ్డది, అబద్దమని చెప్పకముందే వాడు సచ్చిండు. ఇంటికి ఉరికిన. దాన్ని సూసి, ఆ రొట్టె తిని, మర్నాడే పల్టనుకు ఎనక్కి పోయిన. శిచ్చ పడ్డది. కాకి ముచ్చట చెప్తే అందరు నవ్విండ్రు."

పటేలుకు ఒళ్ళు మండింది. "ఓరి పిచ్చోడా! ఇప్పుడైతే లేదు గద! అప్పుడే పోయిందంటే నీ సొమ్మేం పోయె?"

మేజర్ నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు చెప్పింది నేను వినలేదు అనుకుంటాను. మళ్ళీ అడుగుతున్నా. నీ భార్య అప్పుడే చనిపోయింది, అంతే కదా?"

జంగయ్య రెండు చేతులూ జోడించాడు.

"నేనేడ్సినంక రెండేండ్లు బతికింది సాబ్. అప్పుడే పోయిందని రాస్తే ఆ రెండేండ్లు యాడికి పోవాలె? నాకున్నయి అవే. బిళ్లలు నాకొద్దు, ఉండనీయుండ్రి."

ఇంత మొండివాణ్ణి ఏం చేస్తాం! మేజర్ అర్జీ మడిచి పక్కన పెట్టాడు. బంట్రోతు ఇంకో సిపాయి పేరు పిలిచాడు.

మెట్లు దిగేదాకా పటేలు తిడుతూనే ఉన్నాడు. జంగయ్య చెవికి ఏదీ ఎక్కలేదు. ఇక మళ్ళీ ఆ ఇంటికే పోవాలి, ఆ పొయ్యితోనే మాట్లాడుకోవాలి. బొక్కల దగ్గర కొట్లాడుకుంటున్న కాకుల్లో ఒకటి రివ్వున లేచి, అతని నెత్తిన తన్ని పోయింది.

అనంతయ్య తిట్లు ఠక్కున ఆగిపోయాయి. "అయ్యో, కాకి తన్నె! ఇంక నిలబడ్డవేంది? జల్ది మీవోళ్లకు కబురు పంపాలె!"

జంగయ్య నెత్తి తడుముకున్నాడు.

"పంపు పటేలా," అన్నాడు. "ఏడ్సెటోళ్లు ఎవలున్నరో జర నువ్వే చెప్పు."