ఉయ్యాల తెగిన చోటు

“మళ్ళీ చెప్పండి ఆంటీ. త్వరణం ఎక్కడ ఎక్కువ?”

“చివర్లోనమ్మా.” సత్యవతి బడిపిల్లలా చేతులు కట్టుకుని చెప్పింది. “ఇటు చివర, అటు చివర.”

“మధ్యలో?”

“సున్నా.”

ప్రవల్లిక తలూపి, కర్టెన్ కడ్డీకి దారంతో వేలాడదీసిన తాళంకప్పను పక్కకు లాగి వదిలింది. తాళం ఊగసాగింది. మూల మంచం మీద పడుకున్న ఉష దాన్నే చూస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. నడుము కింద స్పర్శ లేదు. తాళంతో పాటు తల మాత్రం ఇటూ అటూ తిప్పుతోంది.

ఘాజియాబాద్‌లో వాళ్ళుండే కాలనీ పార్కులో ఉయ్యాల గొలుసు తెగి, ఉష ఎగిరి ముందున్న ఇనుప కంచె మీద పడింది. తండ్రి భీమారావు సైన్యంలో హవల్దారు, సరిహద్దులో ఉన్నాడు. కేసు బరువంతా సత్యవతి నెత్తిన పడింది. ఉయ్యాల బిగించిన కాంట్రాక్టరు తుప్పుపట్టిన గొలుసు వేశాడని ఆమె ఫిర్యాదు. పిల్లే పై కొసన చేతులు వదిలేసి ముందుకు దూకిందని, ఆ కుదుపుకే గొలుసు తెగిందని అతని వాదన. రేపు కోర్టులో సత్యవతిని ప్రశ్నిస్తారు. కాంట్రాక్టరు తరఫున ఒక ఇంజనీరు కూడా వస్తున్నాడట. ఆమె మాట నిలబడితేనే ఉష వైద్యానికి దారి దొరుకుతుంది. లేదంటే తప్పంతా ఆ పసిదానిదే అవుతుంది.

ఇంజనీరు అన్న మాట వినగానే పదో తరగతి దాటని సత్యవతి గుండెల్లో రాయి పడింది. ఉయ్యాల సంగతులు కాస్త విడమర్చి చెప్పేవారెవరైనా ఉన్నారా అని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగింది. అందరూ దండాల బొమ్మలు పెట్టి చేతులు దులుపుకున్నారు. ముఖర్జీ నగర్‌లో ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పుకునే ప్రవల్లిక ఒక్కతే వచ్చింది. మెట్రో మారి, ఆటో ఎక్కి రోజూ వస్తోంది. ఫీజు మాటెత్తితే చెవులు మూసుకుంటుంది. ఈ రోజుల్లో ఇలాంటి మనుషులు ఎక్కడున్నారు?

“ఇప్పుడు అసలు ప్రశ్న. గొలుసు ఎక్కడ తెగింది?”

సత్యవతి తడబడింది. “నేను చూసినది మజ్జిలోనేనమ్మా. కిందకొచ్చి ముందుకెళ్తుండగా టప్పున తెగిపోనాది. పోలీసులకీ అదే చెప్పినాను. మన వకీలు కూడా చూసినదే చెప్పమన్నాడు.”

“వకీళ్ళకు సైన్స్ ఏం తెలుసాంటీ? మధ్యలో త్వరణం సున్నా అని మీరే అన్నారుగా. త్వరణమంటే వేగమే, కాస్త పెద్ద మాట, అంతే. వేగమే లేని చోట తెగితే పాప అంత దూరం ఎలా ఎగిరిపడింది? ఆ ఇంజనీరు అదే అడిగితే ఏం చెబుతారు?”

“మరి ఈ తాళం మజ్జిలోనే జోరుగా పోతన్నట్టుందే?”

“కంటికి అలాగే ఉంటుంది. సూర్యుడు మన చుట్టూ తిరుగుతున్నట్టు కనబడడూ? పై కొసకు చేరేసరికి శక్తంతా అక్కడ నిలవ ఉంటుంది. ఇదిగో, పుస్తకంలో చూడండి.”

“నహీ దీదీ,” అంది ఉష మంచం మీంచి. “పైకెళ్ళాక ఝూలా ఒకసారి ఆగిపోతుంది కదా. మధ్యలోనే గాలి గట్టిగా కొడుతుంది.”

ప్రవల్లిక అటు తిరగలేదు. దారం ముడి సర్దుతూ, “చిన్నపిల్లలకు అలా అనిపిస్తుంది” అంది.

“కోప్పడకమ్మా. దానికేటి తెలుస్తాది?” సత్యవతి కళ్ళు ఒత్తుకుంది. “ఆ కాంట్రాక్టరు మన తెలుగాయనేనట. ఒక్కపాలి వచ్చి దీని మొహం చూసిన పాపాన పోలేదు. ఏ చుట్టరికమూ లేకపోయినా నువ్వొచ్చినావు. నీ రుణం ఎలా తీర్చుకోను?”

“రేపు తడబడకండి, అదే చాలు. గొలుసు ఎక్కడ తెగింది?”

సత్యవతి తాళం వైపు చూసింది, కూతురి వైపు చూసింది. కళ్ళు పొరబడతాయేమో కానీ పుస్తకం పొరబడదనుకుంది.

“పై కొసన” అంది.

“గట్టిగా.”

“పై కొసనే తెగింది. నా కళ్ళతో చూసినాను.”

ఉష ముఖం గోడవైపు తిప్పుకుంది.

ప్రవల్లిక సంచీ భుజాన వేసుకుంది. సత్యవతి గుమ్మానికి అడ్డం నిలబడింది. “వంకాయ కూర చేసినాను. రెండు ముద్దలు తినెల్లు తల్లీ.”

“ఈరోజు ఉపవాసం ఆంటీ.”

“నిన్నా అదే అన్నావు, మొన్నా అదే. పోనీ మంచినీళ్ళైనా తాగు.”

“నీళ్ళు కూడా ముట్టకూడదు.”

ఇంత చిన్న వయసులో ఎంత భక్తో అనుకుని, సత్యవతి చేతిలోని గ్లాసు పక్కన పెట్టింది.

వీధి మలుపులో సమోసాల బండి దగ్గర ప్రవల్లిక ఆగింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, నాలుక కాలుతున్నా ఆగకుండా తినేసింది. నీళ్ళ సీసా కొని గటగటా తాగింది. అంతలో ఫోన్ మోగింది. ట్యూషన్ పిల్ల నవ్యశ్రీ.

“అక్కా, రేపే టెస్టు. చివర్లో త్వరణం గరిష్ఠం అన్నారు కదా. మరి వేగం కూడా అక్కడే గరిష్ఠమా?”

“కాదు. చివర్లో వేగం సున్నా. మధ్యలో గరిష్ఠం. రెండూ ఒకటే అనుకున్నావో, మునిగిపోతావు.”

“మరి చివర్లో ఉన్నప్పుడు దారం తెగితే, గుండు ఎటు పడుతుంది?”

“నిలువునా కిందికి. ముందుకు ఎగిరి పడాలంటే మధ్యలోనే తెగాలి.”

“థాంక్యూ అక్కా.”

ప్రవల్లిక చేతి నూనె చున్నీకి తుడుచుకుని, ఇంటి నంబరు నొక్కింది.

“ఇక మీ గొలుసు మీదికి మాట రాదు, నాన్నా.”