బల్ల కింద

“లోను మేమే ఇప్పిస్తామండీ. ఇంటి కాగితాలు తాకట్టు పెడితే చాలు,” అంటూ ప్రైవేటు కాలేజీ గుమాస్తా, అమ్మాయి సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని, ల్యాబు తలుపు తీశాడు.

వరసగా మెరుస్తున్న కుళాయిలు చూసి, “సర్కారు కాలేజీలో ఇలాంటివి ఉండవు నాన్నా,” అంది అమ్మాయి.

కుళాయిలు బిగించే పనిలోనే తల నెరిసిన తండ్రి ఒకదాన్ని తిప్పాడు. చుక్క రాలేదు.

“ట్యాంకు ఖాళీ అండీ,” అన్నాడు గుమాస్తా.

తండ్రి వంగి బల్ల కింద చూశాడు. గొట్టమే లేదు.

“ఏం బాబూ, తనిఖీకి వచ్చినవాళ్లు చూడలేదా?”

“వాళ్లు వంగరండీ. భోంచేసి వెళ్తారు,” అని నవ్వాడు గుమాస్తా.

పురుగు పడ్డ ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు తండ్రి ముఖం చిట్లించాడు.

అమ్మాయి ఒక్కో బల్ల కిందా చూసి వచ్చింది. గుమాస్తా చంకలోంచి సర్టిఫికెట్లు లాక్కుంది.

“పద నాన్నా. సర్కారు కాలేజీలో దరఖాస్తుకి ఇవాళే ఆఖరు.”