ఎక్కువైన కామాలు

వంటింటి పని ఎగ్గొట్టడానికే నేను కంప్యూటర్ పని సాగదీస్తున్నానని అమ్మకు గట్టి నమ్మకం.

నాన్న కళ్ళజోళ్ళ షాపులో, పాత టెక్స్ట్ ఫైల్లో ఉన్న కస్టమర్ల వివరాలన్నీ కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించాలి. అది పూర్తయ్యాకే వేరే ఊళ్ళో వచ్చిన ఉద్యోగానికి వెళ్ళమన్నాడు నాన్న. సోమవారంలోగా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారు.

పేరు పక్కన ఒక్క కామా ఎక్కువైతే చాలు, కంటి పవరు వెళ్ళి ఫోన్ నంబరు గడిలో కూర్చుంటుంది. ఎర్రర్! రోజూ కూర్చుని ఏరేస్తాను. మర్నాటికి కొత్తవి పుట్టుకొస్తాయి.

"బియ్యంలో రాళ్ళేరమంటే పారిపోతావు, అక్కడ కూర్చుని కామాలేరుతున్నావుటే?" అంది అమ్మ. ఏడుపొక్కటే తక్కువ నాకు.

ఇవాళ భోజనం త్వరగా ముగించి షాపుకొచ్చాను. నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఒంటివేలితో వెతుక్కుంటూ కామాలు కొడుతున్నాడు, నేను నిన్న సరిచేసిన పేర్లకే.

నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కామా ఎక్కువైతే పని ఆగిపోతుందని నువ్వే చెప్పావుగా. పని ఆగితే నువ్వూ ఆగుతావనుకున్నానమ్మా."



ఆ కామాలు తియ్యలేదు. ఆదివారం బస్సుకి టికెట్ తీసుకున్నాను.