తుపాకీ మీది నంబరు

వియన్నా విమానాశ్రయంలో అధికారి మా తుపాకీ పెట్టెల్లో ఒకటి తెరిపించాడు. తూటాల పెట్టెను విడిగా తూచి పక్కన పెట్టాడు.

"తుపాకీ మీద నంబరు చదవండి సార్. నేను పర్మిట్‌లో సరిచూస్తాను."

నా తమ్ముడు ఆల్విన్ తుపాకీ పైకెత్తి గడగడా చదివేశాడు. పాతికేళ్లుగా నమీబియా వేటకు వెళ్తున్నవాడు.

అధికారి తొంగి చూశాడు. "ఇంకోసారి చదవండి."

"ఎన్నిసార్లయ్యా! అక్కడ జింకలు ముసలివైపోతున్నాయి." నవ్వుతూ అదే నంబరు మళ్లీ చెప్పాడు.

"పర్మిట్‌లో ఉన్నది అదే సార్. తుపాకీ మీద ఉన్నది వేరే."

ఆల్విన్ నవ్వు ఆగిపోయింది. బొటనవేలితో అంకెలను ఒక్కొక్కటే తడిమాడు.

"అది నా తుపాకీ బాబూ," అన్నాను. నాన్న మా ఇద్దరికీ ఒకే రకానివి కొనిచ్చాడు. "మేం ప్రయాణం మానుకుంటున్నాం."

పెట్టెలు తీసుకుని పక్కకు వచ్చాం. అవి ఎన్నడూ లేనంత బరువనిపించాయి.

"నా పెట్టెలో నీ తుపాకీ పొరపాటున పెట్టావా అక్కా?"

"కాదు. కావాలనే. కిందటేడు నీ తూటా మనకు దారి చూపే మనిషి చెవి పక్కనుంచి పోయింది. కళ్లలో ఎండ పడిందన్నావు."

"ఇంట్లోనే అడగొచ్చుగా?"

"మూడుసార్లు అడిగాను. చక్కగా కనిపిస్తోందన్నావు. అది నిజం కావాలని ఏడాదంతా ప్రార్థించాను. అలసిపోయాను రా."

తిడతాడనుకున్నాను. గాలిలో చెయ్యి చాచి నా భుజం వెతికి పట్టుకున్నాడు.

"బయటికి ఎటు వెళ్లాలి అక్కా?"